రాణప్ప చెంపకు నైలాను కుట్లు

ఆ రోజుల్లో కొత్త వస్తువు ఏది వచ్చినా నమ్మేయడానికి మేం ముందే సిద్ధంగా ఉండేవాళ్ళం. కర్నూలు రాజధాని అయి, గుడారాల్లో ఆఫీసులు నడుస్తున్న కాలం. పెన్సిలిన్ వచ్చింది, డి.డి.టి. వచ్చింది, ప్లాస్టిక్ దువ్వెన వచ్చింది, ఇక మనుషులకు కష్టాలు ఎన్నాళ్ళుంటాయిలే అనుకునేవాళ్ళం. నా నమ్మకమంతా నైలాను మీద. ఇప్పటి పిల్లలకు నైలాను అంటే బట్టలారేసుకునే తాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో నాకు మాత్రం అది వైద్యశాస్త్రంలో నా పేరు నిలబెట్టబోయే పదార్థం. (నిలబెట్టలేదని మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. నా పేరు మీరెక్కడా విని ఉండరు.)

మద్రాసులో డాక్టరు చదువు ముగించుకుని, కర్నూలు జిల్లాలో ఒక తాలూకా ఆసుపత్రిలో చేరి ఎనిమిది నెలలైంది. ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్ళు మంచివాళ్ళు, మరిచిపోయి ఉంటే మరిచిపోనిద్దాం. ఆసుపత్రికి పెద్ద డాక్టరుగారు ఒకాయన, ఆయన కింద నేను. ఊళ్ళో నన్ను 'సన్న డాక్టరు' అనేవాళ్ళు. అక్కడ సన్న అంటే చిన్న అని అర్థం, నన్ను చూసినవాళ్ళకు ఆ అర్థం అవసరం లేకపోయేది. పెద్ద డాక్టరుగారికి అరచేతులు చాటలంతేసి ఉండేవి, మాటలు మాత్రం లెక్కపెట్టుకుని వాడేవారు. గాయానికి ఏ దారం వాడాలన్నా ఆయన నోట ఒకటే మాట: "పట్టుదారం తీయప్పా." పట్టుదారం మంచిదే, ముడి గట్టిగా పడుతుంది. కానీ అది తడిని పీలుస్తుంది, తడితోపాటు చీమునూ పీలుస్తుంది. మా వేసవిలో, ఆ దుమ్ములో, మూడో రోజుకు కుట్టు చుట్టూ ఎర్రబడి, గాయం మానాక అడ్డగీతలు మిగిలేవి. ఆ మచ్చను అందరూ 'జెర్రి' అనేవాళ్ళు. వార్డులో రోగులు సాయంత్రంపూట ఒకరి జెర్రి ఒకరికి చూపించుకుని, ఎవరిది పొడుగో పోల్చుకునేవాళ్ళు. నాకది అవమానంగా ఉండేది. ఇంత చదివి మనిషి ఒంటి మీద జెర్రులు పాకించడానికా నేను వచ్చింది అనిపించేది.

పెద్ద డాక్టరుగారికి లండన్ నుంచి ఒక వైద్య పత్రిక ఓడలో వచ్చేది, మూడు నెలలు ఆలస్యంగా. ఆయన దాన్ని విప్పకుండా నా బల్ల మీద పెట్టేవారు. ఒక సంచికలో నైలాను దారంతో కుట్లు వేయడం గురించి వ్యాసం పడింది. పట్టు కంటే గట్టిదట, నునుపట, తడి పీల్చదట, తీసేటప్పుడు రోగికి నొప్పి తెలియకుండా జారివస్తుందట. చదువుతుంటేనే నాకు చెమటలు పట్టాయి (ఎండాకాలం అనుకోండి, అయినా ఇది వేరే చెమట). అక్కడే పత్రిక మూసి, నాలుగుసార్లు వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఆ సంతోషంలో చివరి పేరా చదవలేదు. ఈ సంగతి దాచిపెట్టి తర్వాత చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

దారం ఎక్కడిది? మందుల డిపోకు రాస్తే, అటువంటి సరుకు తమ జాబితాలో లేదని జవాబొచ్చింది. కర్నూలు బజారులో చేపలు పట్టే నైలాను దారం దొరికింది కానీ, అది మొసలిని కుట్టడానికి సరిపోయేంత లావు. ఈలోగా కడపలో మా వదినకు ఒక ఆపద వచ్చింది. అన్న మద్రాసు నుంచి ఆమెకు గులాబిరంగు నైలాను చీర తెచ్చాడు. కడప మొత్తానికి అటువంటివి నాలుగో అయిదో ఉండేవి. ఇస్త్రీ చేసే అతను అన్ని చీరల్లాగే దాని మీదా బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనించాడు. చీర కరిగి పెట్టెకు అంటుకుంది. వదిన రెండు రోజులు అన్నం తినలేదు, అతను నెల రోజులు మా వీధికి రాలేదు. నేను సెలవుమీద వెళ్ళి, ఆమెను ఓదార్చవలసింది పోయి, "వదినా, ఆ చీర నాకిస్తావా?" అన్నాను. ఆమె నన్నొక చూపు చూసి, చీర తెచ్చి నా ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ నాతో మాట్లాడ్డానికి దసరా దాకా పట్టింది.

చీరలోంచి పోగులు లాగితే సాలెపురుగు దారమంత సన్నంగా వచ్చాయి. ఒక్కో పోగు చర్మాన్ని కోస్తుందే గాని పట్టి ఉంచదు. మూడు పోగులు కలిపి పురిపెడితే బలం వస్తుంది, ఆ పురి సమంగా ఉంటే నునుపూ వస్తుంది. పురి పెట్టడానికి తకిలీ కావాలి. మా ఇంట్లో తకిలీ ఉంది, అయితే అది మా అమ్మది. నాకు వండిపెట్టడానికని అమ్మ కడప నుంచి వచ్చి నాతోనే ఉండేది. చిన్నప్పటి నుంచి ఖద్దరు తప్ప కట్టని మనిషి, మధ్యాహ్నం భోజనాలయ్యాక తకిలీ పట్టుకుని కూర్చుంటే పలకరించడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

"ఏందిరా అబ్బీ, ఖద్దరు ఒడికే తకిలీ మీద ఆ బొంబాయి దారం ఎక్కిస్తావా?" అంది.

"రోగులకోసం అమ్మా."

"రోగులకు మందియ్యి. చీర పోగులు పీకి కుట్టమని యాడన్నా రాసిండారా?"

రాశారని పత్రిక చూపించాను. అమ్మకు ఇంగ్లీషు రాదు, అయినా పత్రికను తిరగేసి, వాసన చూసి, తిరిగి ఇచ్చేసింది. ఆమె గుడికి వెళ్ళినప్పుడు నేను తకిలీ తీసుకుని మొదలుపెట్టాను. నైలాను పోగు పత్తిలాగా మనం చెప్పినట్టు వినదు, పురి వదిలితే చాలు వెనక్కి తిరిగిపోతుంది. అమ్మ వచ్చేసరికి నా చేతులకూ మెడకూ తకిలీకీ కలిపి ఒకే చిక్కు పడి ఉంది. గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "నువ్వు తిప్పితే తాడు మాదిరి ఉండాది. ఇట్లియ్యి" అంది. ఆ తర్వాత వారం రోజులు, రోజూ మధ్యాహ్నం, అమ్మ ముందు ఖద్దరుకు ఒక గంట, తర్వాత కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని నైలానుకు ఒక గంట వడికేది. దండం దేనికని అడగలేదు. ఆమె తీసిన దారం వెంట్రుక కంటే కొంచెం లావు, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే తీరు. అటువంటి దారం ఆ తర్వాత ఏ కంపెనీ పెట్టెలోనూ నేను చూడలేదంటే అది కొడుకు మాట అనుకోకండి.

రంగు పోవడానికి ఏడుసార్లు ఉడికించాను. గులాబి పూర్తిగా పోలేదు, కొంచెం ఛాయ మిగిలింది. ఇక బలం పరీక్షించాలి. దూలానికి దారం కట్టి, దానికి రాగిచెంబు వేలాడదీసి, గరిటెతో నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. సగం చెంబు దాకా బాగానే ఉంది. నేను నోటు పుస్తకంలో రాసుకుంటుండగా చెంబు దభీమని కింద పడి, నీళ్ళన్నీ గచ్చు మీద పోయాయి. మా ఊళ్ళో వేసవిలో నీళ్ళు ఒలకబోసినవాడికి అన్నం పెట్టాలా వద్దా అని ఆలోచిస్తారు. అమ్మ గుడ్డతో తుడిచి బకెట్లోకి పిండుతూ, పైకి చూసి, "దారం తెగలా అబ్బీ. ముడి జారింది" అంది. నేనూ చూశాను. దారం చెక్కుచెదరకుండా దూలానికి వేలాడుతూనే ఉంది. పుస్తకంలో 'దారం తెగలేదు' అని రాసి, కింద రెండు గీతలు గీసుకున్నాను. ముడి గురించి ఏమీ రాయలేదు. ముడి వేసింది నేను, దాన్ని గురించి రాయడానికి ఏముంటుంది?

పైగా ఆ దారం ఇంకా నునుపుగా ఉంటే బాగుండునని నాకు ఆశ పుట్టింది. నునుపెక్కువైతే చర్మంలో ఒరుసుకోదు, ఒరుసుకోకపోతే జెర్రి పడదు, ఇదీ నా లెక్క. ఆసుపత్రిలో పారఫిన్ నూనె కాచి, చల్లార్చి, దారాన్ని అందులో రెండు రోజులు నానబెట్టాను. తీసి వేళ్ళ మధ్య లాగితే ఉందా లేదా అని అనుమానం వచ్చేది. పెద్ద డాక్టరుగారు ఒకసారి వేళ్ళతో లాగి చూశారు. "శానా నున్నగా ఉండాది. జారదా?" అన్నారు. జారదండీ అన్నాను. అంత ధైర్యంగా ఆ తర్వాత నా జీవితంలో ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు.

సరిగ్గా ఆ వారంలోనే రాణప్ప వచ్చాడు. అది అసలు పేరు కాదు. ఆ చుట్టుపక్కల ఒక నాటకాల జట్టు ఉండేది, ఏ నాటకమైనా రాణి వేషం అతనిదే, అందుకని అందరూ రాణప్ప అనేవాళ్ళు. ముప్పయ్యేళ్ళుంటాయి, పొడుగాటి మెడ, నిజంగానే అందమైన ముఖం. వేరుశనక్కాయల లారీ మీద ఊరికి వస్తుంటే, గతుకుల్లో వెనక తలుపు ఇనుప కొక్కెం తగిలి చెంప చీలిపోయింది. జట్టు మొత్తం ఆసుపత్రి వరండాలో దిగింది. వాళ్ళ పెద్ద, హార్మోనియం వాయించే ముసలాయన, పెద్ద డాక్టరుగారి చేతులు పట్టుకున్నాడు.

"సామీ, ఈయప్ప మొగం మీద పదకొండు ఇండ్లు బతుకుతాండాయి. రాజు వేసేటోడు యాడన్నా దొరుకుతాడు, రాణి వేసేటోడు యాడ దొరుకుతాడు? పన్నెండు దినాల్లో ఆత్మకూరు కాడ తిరునాళ్ళు ఉండాది. ఏమన్నా సేసి కాపాడల్ల."

రాణప్ప చెంపకు గుడ్డ అదుముకునే, నెత్తురు మింగుతూ, ఒకే మాట అడిగాడు: "జెర్రి పడతాదా సామీ?" పెద్ద డాక్టరుగారు నోరు తెరిచి, ఎప్పటిలాగే పట్టుదారం అనబోతుండగా నేను అడ్డుపడ్డాను. "సార్, ఈ ఒక్కటీ నన్ను కుట్టనివ్వండి, నా దారంతో." ఆయన నావైపు చూశారు, రాణప్ప చెంప వైపు చూశారు, మళ్ళీ నావైపు చూశారు. "ముడి బాగా ఎయ్యి" అని పక్కకు జరిగారు.

ఆ రోజు నేను కుట్టినంత శ్రద్ధగా మా వదిన కూడా రవికె మీద పూలు కుట్టి ఉండదు. సన్న సూది, మత్తు ఇంజెక్షను, పద్నాలుగు కుట్లు, పట్టుదారానికి వేసినట్టే ప్రతిదానికీ చక్కని జంట ముడి. చర్మం అంచులు కాగితం మడత విప్పినట్టు కలిశాయి. హార్మోనియం ముసలాయన అద్దం తెచ్చి పట్టుకున్నాడు. రాణప్ప చాలాసేపు చూసుకుని, కన్నీళ్ళు పెట్టుకుని, నా మోకాళ్ళు తాకాడు. అయిదు రోజులు మాట్లాడకూడదు, నవ్వకూడదు, పాట మాటే ఎత్తకూడదు, గంజి తప్ప తినకూడదు అని చెప్పి, వాళ్ళు దిగిన సత్రానికి పంపేశాను. ఇంటికెళ్ళి, లండన్ పత్రికకు పంపవలసిన వ్యాసం మొదటి వాక్యం రాశాను. ఆ వాక్యంలో 'నేను' అనే మాట మూడుసార్లు వచ్చింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్ళేసరికి జట్టంతా మళ్ళీ వరండాలో ఉంది. రాణప్ప గుడ్డ తీశాడు. పద్నాలుగు ముడుల్లో పదకొండు విడిపోయాయి. దారాలు ఒక్కటీ తెగలేదు, చెంప మీద గులాబిరంగు మీసాల్లాగా వేలాడుతున్నాయి, గాయం నోరు తెరుచుకుని ఉంది. వెంటనే (సిగ్గుపడుతూ చెబుతున్నాను) కోపం వచ్చింది. "పాడావా? నిజం చెప్పు, రాగం తీశావు కదూ?" అని కేకలేశాను.

రాణప్ప తల అడ్డంగా ఊపాడు. ముసలాయన చేతులు జోడించాడు. "లేదు సామీ, నోరు తెరవల్యా. నీళ్ళు గూడా దూదితో పిండినాం. పొద్దున లేచి ఒక్క ఆవలింత తీసినాడు. అంతే, టపటపా అని అన్నీ ఇడిసిపోయినాయి."

ఒక్క ఆవలింత! ఆ మాట విన్నాక నేను అరవలేకపోయాను. తప్పు అతనిది కాదని అప్పటికే నాకు తెలిసిపోయింది. మా అమ్మ గచ్చు తుడుస్తూ చెప్పిన మాట, పెద్ద డాక్టరుగారు అడిగిన మాట, రెండూ నా చెవుల్లో ఒకేసారి మోగాయి. పదకొండు ఇళ్ళు బతికే చెంపను నేను రాగిచెంబులాగా దూలానికి వేలాడదీశాను. ఏడుపొచ్చింది. డాక్టరు రోగుల ముందు ఏడవకూడదని దారాల వైపు చూస్తూ నిలబడ్డాను.

పెద్ద డాక్టరుగారు తిట్టలేదు. నన్ను తన గదిలోకి పిలిచి, పత్రిక తీసి నా ముందు పెట్టి, "కడాకు సదువు, గట్టిగా" అన్నారు. చివరి పేరా చదివాను. నైలాను నునుపుగా, బిరుసుగా ఉండడంవల్ల మామూలు ముడి దానిమీద నిలవదనీ, వేసేవాళ్ళు ముడి విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలనీ రాసి ఉంది. ఏం జాగ్రత్తో రాయలేదు. "ఇంత నున్ననిదానికి నూనె ఎవురప్పా పట్టమన్నారు?" అని అడిగారాయన. నేనేనండీ అన్నాను. "పట్టుదారం తీ. అరగంటలో వస్తా, నేను కుడతా" అని వార్డులోకి వెళ్ళారు.

పట్టుదారం తీసిపెట్టాను. పెట్టి, రాణప్ప మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, బుద్ధి ఆగక, మంచం కోడుకు నైలాను కట్టి ముడి మీద ముడి వేయడం మొదలుపెట్టాను. వేసి లాగితే జారుతోంది. రెండోది వేసి లాగితే అదీ జారుతోంది. చెంప మీద గుడ్డ అదుముకుని రాణప్ప నన్నే చూస్తున్నాడు. కాసేపటికి అతనికి ఓపిక నశించింది. మంచం దిగి, తన వేషాల పెట్టె తెరిచి గజ్జెలు తీశాడు. వాటి తాళ్ళు పట్టువి, చెమటకు జారకుండా ఏళ్ళతరబడి కట్టీ విప్పీ నున్నగా మెరుస్తున్నాయి. కింద కూర్చుని నా కాలు పట్టుకుని లాగాడు. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను, నా బూటు ఊడింది, మేజోడు ఊడింది, గజ్జెలు నా చీలమండకెక్కాయి. ముసలాయన గుడ్డ అదిమి పట్టుకుంటే, రెండు చేతులూ ఖాళీ చేసుకుని అతను నా కళ్ళ ముందు తాడు చివరలు పట్టుకున్నాడు. మొదటి మెలిక మనమందరం వేసినట్టు ఒకసారి తిప్పి వదల్లేదు. రెండుసార్లు తిప్పి బిగించాడు. వేళ్ళు తీసేశాడు. అది అక్కడే కరుచుకుని ఉంది! ఆ పైన ఎదురు మెలిక, దాని మీద మళ్ళీ ఎదురు మెలిక. లేచి నిలబడి, ఊ, తొక్కు అని చేత్తో సైగ చేశాడు.

కాలు నేలకు కొట్టాను. గజ్జెలు మోగాయి, ముడి కదల్లేదు. ఇంకా గట్టిగా అని సైగ. ఎగిరాను. ముసలాయన అలవాటు ప్రాణం కాబోలు, రెండో చేత్తో తొడ మీద తాళం వేయసాగాడు. వార్డులో లేవగలిగినవాళ్ళంతా లేచి కూర్చున్నారు. రాణప్ప నా మోచేయి పట్టుకుని నడుం సరిచేశాడు. ముడి పరీక్ష కోసమే సుమా, నేను రెండు చుట్లు తిరిగి మూడోది తిరుగుతుండగా గుమ్మంలో పెద్ద డాక్టరుగారు కనిపించారు.

"ఏమప్పా, తిరునాళ్ళకు నువ్వు గూడా పోతాండావా?"

నేను ఒంటికాలి మీద ఆగిపోయాను. ఆయన వంగి, నా చీలమండ దగ్గర ముడిని తన పెద్ద వేళ్ళతో అటూ ఇటూ లాగి చూశారు. "రెండుసార్లు తిప్పేది మన సర్జన్లు గూడా ఏస్తారు గదా. మద్రాసులో నేర్పల్యా?" అన్నారు. నేర్పారు. పరీక్షలో వేసి చూపించి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పట్టుదారానికి దాని అవసరం లేక మరిచిపోయాను. ఆ మాట గజ్జెల కాలు దించకుండానే ఒప్పుకున్నాను. ఆయన నవ్వలేదు కానీ, బుగ్గ లోపల ఏదో కొరుక్కున్నారు. "సరే, పట్టుదారం ఇయ్యి" అని చెయ్యి చాచారు.

అప్పుడు రాణప్ప ఆ చెయ్యి పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపి, నావైపూ, మంచం కోడుకు వేలాడుతున్న గులాబి దారం వైపూ చూపించి, చేతులు గబగబా తిప్పాడు. ముసలాయన అర్థం చెప్పాడు: "సన్న డాక్టరే కుట్టల్లంట సామీ, అదే దారంతో. నిన్న అద్దంలో సూసుకున్యాడు గదా, అట్లా ఎవురూ కుట్టలేరంటాండాడు. తప్పు ముడిది గానీ దారానిది కాదంట." అంత పొడుగు సంగతి వేళ్ళతో ఎలా చెప్పాడో నాకు తెలియదు, నటుడు కదా. పొద్దున అతని మీదే అరిచినవాణ్ణి. నా మీద నాకంటే ఎక్కువ నమ్మకం అతనికి ఎందుకు కలిగిందో ఈనాటికీ నాకు బోధపడలేదు. పెద్ద డాక్టరుగారు పట్టుదారం పళ్ళెంలో పెట్టేసి, స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చున్నారు.

దారాన్ని ఈథరుతో కడిగి నూనెంతా వదలగొట్టి, మళ్ళీ ఉడికించాను. మొదటి మెలిక రెండు తిప్పులు, దాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి, భయానికి మరొకటి. చివరలు దగ్గరగా కత్తిరించకుండా కాస్త పొడుగు వదిలాను. అన్నీ అయ్యాక రాణప్ప చెంప మీద గులాబి గడ్డం మొలిచినట్టుంది. ఈసారి సత్రానికి పంపలేదు, వార్డులోనే పెట్టుకున్నాం. ఇక మా భయమంతా ఆవలింతలే. ముసలాయన మంచం పక్కనే కూర్చుని, రాణప్ప ముక్కుపుటాలు కాస్త కదిలితే చాలు, గభాలున దవడ కింద చెయ్యి పెట్టి పట్టుకునేవాడు. ఒకరు ఆవలిస్తే పక్కవాళ్ళకు వస్తుందన్న సంగతి రెండో రోజు ఎవరికో గుర్తొచ్చింది. అంతే, వార్డు మొత్తానికీ ఆవలింతలు నిషేధించారు. కాలు విరిగిన రైతు ఒకాయన ఆవలింత వస్తే దుప్పటి ముసుగేసుకునేవాడు. మూడో రోజు మధ్యాహ్నం పెద్ద డాక్టరుగారంతటి మనిషి గోడ వైపు తిరిగి నిలబడి, పని చూసుకుని, మళ్ళీ ఇటు తిరిగి నాడి పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. అమ్మ రోజూ పలుచటి రాగి అంబలి కాచి పంపేది. తన దారం ఎవరి ముఖాన ఉందో ఆ మనిషిని ఆకలితో ఉంచదు మరి.

అయిదో రోజు కుట్లు తీశాను. కత్తెరతో ముడి కింద కత్తిరించి లాగితే దారం అలా వచ్చేసింది. రాణప్ప ఇంకా ఎప్పుడు మొదలుపెడతావన్నట్టు చూశాడు, అప్పటికి తొమ్మిది తీసేశాను. ఎర్రటి సన్నగీత ఒకటి ఉంది, అడ్డగీతలు లేవు. పన్నెండో రోజు పొద్దున, తిరునాళ్ళకు బయల్దేరేముందు, అతను పూర్తి వేషంలో ఆసుపత్రికొచ్చాడు. చీర, సవరం, వడ్డాణం, ముఖాన అర్దళం రంగు. చీటీల వరసలో ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు, ఒకావిడ "ఏమ్మా, ఎన్నో నెల?" అని కూడా అడిగింది. అతన్ని ఎండలోకి తీసుకెళ్ళి, గడ్డం పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. జట్టంతా నా నోటి వైపే చూస్తోంది. రంగు కింద గీత లేదు. లేదని తల ఊపాను. ముసలాయన హార్మోనియం పెట్టె మీద కూలబడి ఏడ్చాడు. రాణప్ప ఆ పన్నెండు రోజుల్లో మొదటిసారిగా నోరారా నవ్వాడు. ఆ నవ్వుకి కూడా నేను రెండు చేతులూ చాచి అతని చెంపలు పట్టుకోబోయాను.

లండన్ పత్రికకు వ్యాసం పంపాను, పదహారు పేజీలు. గజ్జెల ముడికి ఒక పేజీ, తకిలీకి రెండు పేజీలు. ఆరు నెలలకు మర్యాదగా తిరిగొచ్చింది. నైలాను ముడిని గురించి తమకు ముందే తెలుసుననీ, తకిలీ అంటే ఏమిటో మాత్రం తెలియలేదనీ రాశారు.

తర్వాత నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలామందిని కుట్టాను. సూదికి దారం అతికించి, రేకు పొట్లాల్లో పెట్టి కంపెనీలే పంపే రోజులొచ్చాయి. ఉద్యోగం మానేసి కర్నూలులో సొంత ఆసుపత్రి పెట్టుకున్నాక, ఒక పొద్దున గజ్జల్లో వాపుతో ఒక ముసలాయన వచ్చాడు. పొడుగాటి మెడ, జుట్టంతా తెలుపు. "సన్న డాక్టరు సామీ" అన్నాడు. నలభై ఏళ్ళుగా నన్నెవరూ అలా పిలవలేదు, అప్పటికి నేను ఆ పిలుపుకు తగినట్టు కూడా లేను. లేచి వెళ్ళి, అద్దాలు సరిచేసుకుని, అతన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయి చెంప చూశాను. ఏమీ కనిపించలేదు. రెండో చెంప చూశాను. ముడతలే ఉన్నాయి. మళ్ళీ మొదటిది చూశాను.

"ఏ చెంపప్పా మనం కుట్టింది?" అని అడిగాను.

అతను వేళ్ళతో రెండు చెంపలూ తడుముకున్నాడు. "మీకే తెల్దా సామీ? నాకూ మతికి లేదు. రంగేసుకునేటప్పుడు యానాడూ అడ్డం రాల్యా" అన్నాడు.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. లోకమంతా చూడాలని ఇరవై నాలుగేళ్ళప్పుడు నేను కుట్టిన కుట్టు, ఇప్పుడు ఎక్కడుందో నాకే తెలియదు. ఆ రోజంతా ఎవరినో ఒకరిని పిలిచి ఆ చెంప చూపించాలని నా మనసు కొట్టుకుంది. కానీ చూపించడానికి అక్కడేమీ లేదు.